బీథోవెన్ ఐదో సింఫనీ: ఏ కండక్టర్ రికార్డింగ్ వినాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మేము కొందరం ఆదివారాలు ఒకరింట్లో చేరి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటుంటాం. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి, అప్పుడప్పుడు పాలమూరు నుంచి కూడా కొత్తవాళ్ళు వస్తుంటారు. ఎవరు వచ్చినా చర్చ చివరికి బీథోవెన్ ఐదో సింఫనీ (పెద్ద వాద్య బృందం కోసం నాలుగు భాగాల్లో రాసిన రచన) దగ్గరే ఆగుతుంది, ప్రశ్నలూ కాస్త అటూ ఇటూగా ఇవే ఉంటాయి. అందుకే జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఇవి నా అభిప్రాయాలు. మాలోనే వీటితో గట్టిగా విభేదించేవారు ఉన్నారు, వారితో వాదన ఇంకా తెగలేదు.

స్వరలిపి అందరికీ ఒకటే కదా, ఎవరు నడిపిస్తే ఏమిటి తేడా?

మల్లన్న కథ మన దగ్గర తెలియనివారు లేరు. అయినా ఒక ఒగ్గు బృందం చెబితే తెల్లవారే దాకా కదలకుండా కూర్చుంటాం, ఇంకొక బృందం చెబితే మధ్యలో లేచి చాయ్ తాగడానికి వెళ్తాం. అయితే ఒగ్గు కథకుడికి మాట పెంచుకునే, కుదించుకునే స్వేచ్ఛ ఉంది. సింఫనీ బృందాన్ని చేతి సైగలతో నడిపించే కండక్టర్‌కు అది లేదు. ఒక్క స్వరం కలపకూడదు, ఒక్కటి తీయకూడదు.

మరి మిగిలిందేమిటంటే, కాగితం మీద రాయడానికి వీలుకానిదంతా. శబ్దం తగ్గించి వాయించమని బీథోవెన్ రాశాడు, ఎంత తగ్గించాలో రాయలేదు. ఫలానా స్వరాన్ని ఆపి పట్టుకోమన్నాడు, ఎంతసేపో చెప్పలేదు. వయొలిన్లు ఎన్ని ఉండాలి, వాటి హోరులో ఓబో (సన్నాయి లాంటి గాలి వాద్యం) వినిపించాలా వద్దా, టింపనీని (పెద్ద నగారా లాంటి వాద్యం) మెత్తని గుండు ఉన్న పుల్లతో కొట్టాలా గట్టి పుల్లతో కొట్టాలా అన్నవి కండక్టర్ తేల్చుకోవాలి. వీటన్నిటినీ కలుపుకుంటే ఒకే సింఫనీ ఒకరి చేతిలో 31 నిమిషాల్లో ముగుస్తుంది, మరొకరి చేతిలో 40 నిమిషాల దగ్గరికి పోతుంది.

ఆ మొదటి నాలుగు స్వరాల్లో అంత విశేషం ఏముంది?

అందరికీ గుర్తుండేది మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ. అసలు విశేషం వాటికి ముందు ఉంది. ఈ సింఫనీ శబ్దంతో కాదు, విరామంతో మొదలవుతుంది. మొదటి బార్‌లో, అంటే స్వరలిపిలో లయను లెక్కపెట్టే తొలి గడిలో, తొలి అక్షరం ఖాళీ. కండక్టర్ చేయి కిందికి దిగిన క్షణంలో ఎవరూ ఏమీ వాయించరు. ఆ ఖాళీని ఆనుకుని వాద్యకారులంతా ఒక్కసారిగా దూకాలి. లయ ఇంకా పుట్టకముందే అందరికీ లయ తెలిసి ఉండాలి. అందుకే పేరున్న బృందాలు కూడా ఇక్కడ తడబడిన సందర్భాలు ఉన్నాయి.

ఇంకొకటి గమనించండి. ఆ నాలుగు స్వరాలు వెంటనే ఒక మెట్టు కిందికి దిగి మళ్ళీ వస్తాయి. రెండోసారి చివరి స్వరం మొదటిసారి కంటే ఒక బార్ ఎక్కువ నిలవాలని స్పష్టంగా రాసి ఉంది. చాలామంది రెండింటినీ సమానంగా పట్టుకుంటారు. రెండోది నిజంగా పొడుగ్గా వినిపిస్తే, ఆ కండక్టర్ కాగితాన్ని శ్రద్ధగా చూశాడని అర్థం. ఈ రెండు సంగీత వాక్యాలను తీగ వాద్యాలు, క్లారినెట్లు మాత్రమే వాయిస్తాయన్నది కూడా చాలామంది ఊహించరు. బృందమంతా విరుచుకుపడినట్టు అనిపిస్తుంది.

అయితే రెండు రికార్డింగులను పోల్చడానికి మొదటి నిమిషం చాలా?

చాలదు. అందరూ అక్కడే తీర్పు చెప్పేస్తారు, అదే నా ఫిర్యాదు. మొదటి నాలుగు స్వరాలను ఎలా మోగించాలో ప్రతి కండక్టర్‌కూ తెలుసు, జనం అక్కడ చెవులు రిక్కించి ఉంటారనీ తెలుసు. పరీక్ష పెట్టాల్సింది మూడో భాగం చివర, అది నాలుగో భాగంలోకి దాటే వంతెన దగ్గర.

అక్కడ జరిగేది ఇది. మూడో భాగం ముగింపుకు వచ్చేసరికి బృందం మొత్తం గుసగుసల్లోకి దిగిపోతుంది. తీగ వాద్యాలు కమానును పక్కన పెట్టి వేళ్ళతో మీటుతాయి. తర్వాత అవి ఒక స్వరాన్ని పట్టుకుని కదలకుండా ఉండిపోతాయి. కింద టింపనీ ఒక్కటే, వినీ వినిపించనంత మెల్లగా, సింఫనీ మొదట్లో విన్న ఆ లయనే తడుతుంది. దాని మీద మొదటి వయొలిన్లు పాత పాట ముక్క ఒకదాన్ని పట్టుకుని మెట్టు మెట్టుగా పైకి పాకుతాయి. దాదాపు 50 బార్లు ఇలాగే సాగుతుంది. ఎటు పోతున్నామో తెలియదు. శబ్దం పెరగడానికి అనుమతి చివరి కొద్ది బార్లలోనే ఉంది. ఆ వెంటనే, మధ్యలో విరామం లేకుండా, నాలుగో భాగం సి మేజర్ అనే స్వరశ్రేణిలో బద్దలవుతుంది. అప్పటిదాకా మూడు భాగాల పాటు చేతులు కట్టుకుని కూర్చున్న మూడు ట్రాంబోన్లు, పికొలో, కాంట్రాబసూన్ అనే గాలి వాద్యాలు అక్కడ మొదటిసారి నోరు విప్పుతాయి.

ఇక్కడ కండక్టర్ బండారం బయటపడుతుంది. ఓపిక లేనివాడు పది పదిహేను బార్ల ముందే శబ్దం పెంచడం మొదలుపెడతాడు. అసలు చోటు వచ్చేసరికి అతని దగ్గర ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలదు. ఓపిక ఉన్నవాడు చివరి దాకా ఊపిరి బిగబట్టి ఉంచుతాడు. కింద నేను ఎవరి గురించి ఏమి చెప్పినా, ఎక్కువ భాగం ఈ చోటును దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

ఎప్పుడూ వినని వాడిని. ఏ రికార్డింగ్‌తో మొదలుపెట్టాలి?

కార్లోస్ క్లైబర్ నడిపించిన వియన్నా ఫిల్హార్మోనిక్ బృందం, 1974. ఇందులో పెద్ద తర్జనభర్జన లేదు. వియన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్ హాలులో రికార్డు చేశారు, మొత్తం సుమారు 33 నిమిషాలు. క్లైబర్ జీవితమంతా కలిపి స్టూడియోలో చేసిన రికార్డింగులు చాలా తక్కువ. నచ్చకపోతే ఒప్పుకోడు, ఒప్పుకుంటే రిహార్సళ్ళు చాలవనేవాడు. ఆ పట్టుదల ఇందులో వినిపిస్తుంది. వేగం ఉంది కానీ తొందర లేదు. మొదటి భాగంలో ప్రతి వాక్యం వెనకటి వాక్యం చివరను పట్టుకుని లేస్తుంది. పైన చెప్పిన వంతెన దగ్గర లయను అణువంత కూడా సడలనివ్వడు. శబ్దం తగ్గినా బిగువు తగ్గదు, నాలుగో భాగం తెరుచుకున్నప్పుడు గది వైశాల్యం పెరిగినట్టు ఉంటుంది.

ఇందులో లోపం ఎంచాలంటే ఒక్కటే: ఇది విన్నాక మిగతావన్నీ కొంతకాలం చప్పగా అనిపిస్తాయి. అందుకని ఇక్కడే ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆగకండి.

అతని తండ్రి కూడా కండక్టరేనట కదా?

అవును, ఎరిక్ క్లైబర్. ఆమ్‌స్టర్‌డామ్ కాన్సెర్ట్‌హెబౌ బృందంతో 1953లో ఆయన చేసిన ఐదో సింఫనీ కూడా దొరుకుతుంది. మోనో రికార్డింగ్, అంటే కుడి ఎడమల తేడా లేకుండా శబ్దమంతా ఒకటిగా వినిపిస్తుంది. కొడుకు ఆ రికార్డింగును నరనరాన జీర్ణించుకున్నాడని వినగానే తెలుస్తుంది. వేగంలో, పదునులో పోలిక కొట్టొచ్చినట్టు ఉంటుంది. తండ్రిది కాస్త ముక్కుసూటి, కొడుకుది మరింత నాజూకు. రెండూ వరుసగా వినడం మంచి కాలక్షేపం.

ఫుర్ట్‌వాంగ్లర్ పేరు చెప్పగానే పెద్దవాళ్ళు తల ఊపుతారు. ఎందుకు?

1947 మే నెలలో బెర్లిన్‌లో జరిగిన కచేరీ కారణంగా. విల్హెల్మ్ ఫుర్ట్‌వాంగ్లర్ హిట్లర్ కాలమంతా జర్మనీలోనే ఉండిపోయాడు. నాజీ పార్టీలో చేరలేదు కానీ దేశం విడిచి వెళ్ళనూ లేదు. యుద్ధం తర్వాత విచారణ జరిగింది. అందులోంచి బయటపడి, కూలిన ఆ నగరంలో తన పాత బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ముందుకు మళ్ళీ వచ్చి నిలబడినప్పుడు వాయించిన వాటిలో ఐదో సింఫనీ ఒకటి.

సాంకేతికంగా గొప్ప రికార్డింగ్ కాదు. శ్రోతల దగ్గులు వినిపిస్తాయి. లయ నిలకడగా ఉండదు, ఆయనకు నిలకడ అక్కర్లేదు కూడా. ఒకచోట సాగదీస్తాడు, ఇంకొకచోట తరుముతాడు. కాగితాన్ని నమ్మేవాళ్ళకు ఇది ఒళ్ళు మంట. కానీ ఆ వంతెన దగ్గర ఆయన చేసింది ఇంకెవరూ చేయలేదని నా నమ్మకం. సంగీతం దాదాపు నిలిచిపోతుంది. టింపనీ మోగుతోందా లేదా అన్న అనుమానం వస్తుంది. ఆ తర్వాత వచ్చే ఉప్పెన కార్లోస్ క్లైబర్ దగ్గర కూడా లేదు. నాలుగో భాగం చివర ఆయన వేగం పెంచే తీరు చూస్తే, ఇక బృందం చేతి నుంచి జారిపోతుందేమో అనిపిస్తుంది. జారిపోదు.

ఆయనవే 1943 యుద్ధకాలపు బెర్లిన్ రికార్డింగ్, చనిపోయిన ఏడాది 1954లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసిన స్టూడియో రికార్డింగ్ కూడా ఉన్నాయి. వియన్నాది ప్రశాంతంగా, గంభీరంగా ఉంటుంది. దగ్గులు భరించలేనివారు దానితో మొదలుపెట్టవచ్చు.

టొస్కానీని సంగతి?

పూర్తిగా అటువైపు ధ్రువం. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, రాసిన వేగంలో, ఒక్క చుక్క భావోద్వేగం అదనంగా కలపకుండా. ఆయన కోసమే 1937లో అమెరికా రేడియో సంస్థ ఎన్‌బీసీ ఒక సింఫనీ బృందాన్ని ఏర్పాటు చేసింది. ఆ బృందంతో 1939లో చేసింది, 1952లో చేసింది రెండూ ప్రసిద్ధం. నన్నడిగితే 1939ది. అందులో కోపం ఉంది. అయితే న్యూయార్క్‌లోని ఆ స్టూడియో 8-హెచ్ శబ్దం ఎండు కట్టెలా ఉంటుంది, ప్రతిధ్వని అన్నదే లేదు. కొందరికి అదే ఇష్టం, టింపనీ దెబ్బ ప్రతి ఒక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

కరాయాన్‌వి నాలుగైదు కనిపిస్తున్నాయి. ఏది?

1962, బెర్లిన్ ఫిల్హార్మోనిక్. తొమ్మిది సింఫనీలనూ ఆయన స్టూడియోలో నాలుగుసార్లు చేశాడు: 1950ల మొదట్లో లండన్ ఫిల్హార్మోనియాతో, తర్వాత 1960లలో, 1970లలో, 1980లలో బెర్లిన్‌తో. 1962 నాటిది చురుగ్గా ఉంటుంది. తర్వాత్తర్వాత తీగ వాద్యాల మెరుగు పెరుగుతూ పోయి, చివరికి అంతా ఒకే నున్నని పూతలా తయారైంది. 1962లో కూడా ఆ వంతెన దగ్గర టింపనీని వయొలిన్ల కింద కప్పేశాడు. అందం ఉంది, భయం లేదు.

క్లెంపరర్ అంత మెల్లగా ఎందుకు నడిపిస్తాడు? నిద్ర వస్తోంది.

మొదటిసారి అలాగే అనిపిస్తుంది. ఓటో క్లెంపరర్ ఫిల్హార్మోనియాతో 1955లో, మళ్ళీ 1959లో చేశాడు. ఆయన దగ్గర వేగం వెతకవద్దు, బరువు వెతకండి. ఓబో, బసూన్ లాంటి గాలి వాద్యాలను ముందుకు తెచ్చి కూర్చోబెడతాడు. మిగతా రికార్డింగుల్లో మునిగిపోయిన వాక్యాలు ఇక్కడ పైకి తేలుతాయి. అలవాటు పడ్డాక 1955 నాటిది వినండి, అందులో నడక కాస్త చురుకు.

1977లో అమెరికా అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల్లోని బంగారు పళ్ళెంలో ఐదో సింఫనీ మొదటి భాగం ఉంది. దాన్ని నడిపించింది ఈ క్లెంపరరే. అదే పళ్ళెంలో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉంది. మెల్లగా ఉందని విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోండి. సౌర కుటుంబం దాటి పోయేదానికి తొందర ఏముంది!

బీథోవెన్ స్వయంగా వేగం రాసి పెట్టాడట. అదే ప్రమాణం కదా?

రాశాడు. సింఫనీ మొదట ప్రదర్శించిన తొమ్మిదేళ్ళకు, 1817లో మెట్రోనోమ్ (లయ వేగాన్ని కొలిచే పరికరం) అంకెలు ప్రచురించాడు. మొదటి భాగానికి నిమిషానికి 108 బార్లు. లెక్క మీరే వేసుకోవచ్చు. మొదటి భాగంలో 502 బార్లు ఉన్నాయి, తిరిగి వాయించాల్సిన తొలి 124 కలిపితే 626. 108తో భాగిస్తే 5 నిమిషాల 48 సెకన్లు, ఆపి పట్టుకునే స్వరాల సమయం అదనం. కార్లోస్ క్లైబర్ లాంటి చురుకైన వాడికే ఏడు నిమిషాలు దాటుతుంది. అంటే బీథోవెన్ కోరిన వేగం ఎంత విపరీతమో చూడండి.

ఆ అంకెలు తప్పని కొట్టిపారేసేవారూ ఉన్నారు, వేదవాక్కులా పట్టుకునేవారూ ఉన్నారు. నా మట్టుకు నాకు అంకె దగ్గరకు చేరడం గొప్ప కాదు. ఆ వేగంలో కూడా వాక్యం అర్థమవుతోందా అన్నదే ముఖ్యం. ఇంకొక చిక్కు: తొలి భాగం మొదటి అంకాన్ని తిరిగి వాయించని పాత రికార్డింగులు ఉన్నాయి. నిమిషాలు చూసి వేగం అంచనా వేసేవారు ముందు ఆ సంగతి చూసుకోవాలి.

బీథోవెన్ కాలపు వాద్యాలతో చేసిన రికార్డింగులు వినదగినవేనా?

తప్పకుండా. జాన్ ఎలియట్ గార్డినర్ 1994లో విడుదల చేసిన సంపుటి దీనికి మంచి ద్వారం. వయొలిన్లకు లోహపు తీగ బదులు పేగు తీగలు, హార్న్ అనే కొమ్ము వాద్యాలకు మీటలు ఉండవు, టింపనీకి తోలు కప్పి గట్టి పుల్లలతో కొడతారు. శబ్దం గరుకుగా, నేరుగా వస్తుంది. బృందం చిన్నది కనుక ట్రాంబోన్లు దిగినప్పుడు నిజంగానే ఉలిక్కిపడతాం. నికొలాస్ హార్నన్‌కోర్ట్ మధ్యేమార్గం పట్టాడు. యూరప్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో, ఆధునిక వాద్యాలే తీసుకుని, ట్రంపెట్లు మాత్రం పాతవి పెట్టాడు.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. మొదటి భాగంలో రెండో పాటకు ముందు హార్న్‌లు గంభీరంగా ఒక పిలుపు పిలుస్తాయి. అదే పిలుపు భాగం రెండో సగంలో మళ్ళీ వస్తుంది, కానీ బీథోవెన్ అక్కడ దాన్ని బసూన్లకు రాశాడు. ఆనాటి హార్న్‌కు శ్రుతి మార్చుకోవడం అంత తేలిక కాదు, అందుకని అలా రాశాడని చాలామంది నమ్మకం. ఆధునిక హార్న్ వచ్చాక పాత తరం కండక్టర్లలో చాలామంది బసూన్లను పక్కకు నెట్టి హార్న్‌లకే ఇచ్చేశారు. గార్డినర్ లాంటివారు రాసినట్టే ఉంచారు. బసూన్లతో వింటే పిలుపు కాస్త బొంగురుగా, బెరుగ్గా ఉంటుంది. నాకు అదే ఇష్టం. తిరిగి వచ్చినవాడు వెళ్ళినప్పటి ధీమాతోనే మాట్లాడాలని ఎక్కడుంది?

బీథోవెన్ నడిపించిన ఈ సింఫనీ తొలి కచేరీ ఎలా ఉండేదో?

ఘోరంగా, అని చదివాం. 1808 డిసెంబరు 22, వియన్నా. చలికి గడ్డకట్టే హాలు, నాలుగు గంటల కార్యక్రమం, చాలీచాలని రిహార్సల్. ఆరో సింఫనీ, నాలుగో పియానో కాన్చెర్టో కూడా ఆ రాత్రే. చివరి అంశం మధ్యలో బృందం దారి తప్పితే ఆపి మళ్ళీ మొదలుపెట్టారు.

అన్నిటికన్నా పాత రికార్డింగ్ ఏది?

వినదగిన వాటిలో ఆర్థర్ నికిష్ 1913లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసినది. మైక్రోఫోన్ లేని కాలం, వాద్యకారులు ఒక గరాటు ముందు ఇరుక్కుని వాయించారు. చరిత్ర కోసం ఒకసారి వినండి, ఆనందం కోసం కాదు.

వాద్యాల శబ్దాలు గుర్తుపట్టలేకపోతున్నాను.

మన పెళ్ళి బ్యాండు విన్నవారికి క్లారినెట్, ట్రంపెట్ కొత్త కాదు. బరాత్‌లో అవి సినిమా పాటలు వాయిస్తాయి, ఇక్కడ ఇంకొకటి వాయిస్తాయి, అంతే. ముందు ఆ రెండింటినీ వెతకండి. తర్వాత ఓబో. మొదటి భాగం రెండో సగంలో బృందమంతా హఠాత్తుగా ఆగి, ఓబో ఒంటరిగా ఒక చిన్న ఆలాపన లాంటిది చేస్తుంది. కొన్ని క్షణాలే ఉంటుంది. ఒక్కసారి పట్టుకుంటే ఓబోను మళ్ళీ మరిచిపోరు.

ఫోనులో వింటే చాలా? ఏమైనా జాగ్రత్తలు?

చాలు, కానీ మూడు సంగతులు చూసుకోండి. యాప్‌లో పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా వాయించే అమరిక ఉంటుంది, అది తెరిచి ఉంచండి. ఒక పాటను మరో పాటలోకి కలిపేసే అమరికను మూసేయండి. మూడో, నాలుగో భాగాలు విడివిడి ట్రాకులుగా ఉంటాయి కానీ సంగీతం ఆగదు. ఉచిత ఖాతాతో వింటున్న ఒక మిత్రుడికి సరిగ్గా ఆ వంతెన చివర, సి మేజర్ విరుచుకుపడాల్సిన క్షణంలో, బంగారు నగల ప్రకటన వచ్చింది. ఆ రోజు ఆయన ముఖం చూసి తీరాల్సిందే.

చిన్న బ్లూటూత్ స్పీకరు ఈ పనికి పనికిరాదు. మూడో భాగం మధ్యలో చెల్లోలు, డబుల్ బేస్‌లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చే ఘట్టం అందులో గొణుగుడుగా మిగులుతుంది. మామూలు వైరు ఇయర్‌ఫోన్లు దానికంటే ఎంతో నయం. ఇక కూలరు. మే నెలలో కూలరు ఆపితే మనం ఉడికిపోతాం, ఆపకపోతే టింపనీ వినిపించదు. నల్లగొండ, పాలమూరు ఎండల్లో దీనికి ఒక్కటే మందు, తెల్లవారుజామున వినడం. లేదా శీతాకాలం దాకా టొస్కానీనితో సరిపెట్టుకోండి, ఆయన కూలరును కూడా లొంగదీస్తాడు.

పాత రికార్డింగులను దాచుకుంటే, పంచుకుంటే చట్టపరంగా తప్పా?

మన దేశంలో సౌండ్ రికార్డింగుకు కాపీరైటు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. 1960లో విడుదలైన దాని గడువు 2020 చివరితో తీరిపోయింది. ఆ లెక్కన ఎరిక్ క్లైబర్ 1953 నాటిది ఎప్పుడో గడువు దాటింది. కార్లోస్ క్లైబర్‌కు ఇంకా గడువు ఉంది, కొనుక్కుని వినండి.

నాజీలతో సంబంధం ఉన్నవారి సంగీతం వినవచ్చా?

ఈ ప్రశ్న మా దగ్గర ప్రతిసారీ గొడవకు దారి తీస్తుంది. ముందు వాస్తవాలు. కరాయాన్ నాజీ పార్టీ సభ్యుడు. ఫుర్ట్‌వాంగ్లర్ సభ్యుడు కాడు, కానీ ఆ ప్రభుత్వ కాలంలో వాయిస్తూనే ఉన్నాడు. యూదు కుటుంబంలో పుట్టిన క్లెంపరర్ 1933లో జర్మనీ విడిచి వెళ్ళాల్సి వచ్చింది. సంగీతం మీద ఆంక్షలకు నిరసనగా ఎరిక్ క్లైబర్ బెర్లిన్ పదవికి రాజీనామా చేశాడు. టొస్కానీని 1931లో ఫాసిస్టుల గీతం వాయించనన్నందుకు బొలోనాలో వారి చేతి దెబ్బలు తిన్నాడు.

సింఫనీ మాత్రం ఎవరి పక్షమూ పట్టలేదు. 1941 నుంచి బీబీసీ ఆ నాలుగు దెబ్బలను విజయ సంకేతంగా హిట్లర్ ఆక్రమించిన దేశాలకు ప్రసారం చేసింది. మోర్స్ కోడ్‌లో వి అక్షరం మూడు చుక్కలు, ఒక గీత కదా. 1943లో అదే సింఫనీని ఫుర్ట్‌వాంగ్లర్ బెర్లిన్‌లో వాయించాడు. అటూ ఇటూ ఒకే సంగీతం. నేను అన్నీ వింటాను, ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలుసుకుని వింటాను. వినను అనేవారిని తప్పుపట్టను.

ఇళయరాజా సింఫనీ విన్నాక ఇది వినవచ్చా, ఇది విన్నాక అది వినాలా?

ఏది ముందైనా ఫరవాలేదు. ఆయన 'వాలియంట్' సింఫనీని 2025 మార్చిలో లండన్‌లో ప్రదర్శించినప్పటి నుంచి మా దగ్గరకు వచ్చే కుర్రవాళ్ళ సంఖ్య పెరిగింది. సినిమా పాటల్లోని వయొలిన్లతో చెవి తయారైనవారికి బీథోవెన్ తేలిగ్గానే అందుతాడు. నాలుగు భాగాలూ కూర్చుని వినే ఓపిక ఒక్కటి తెచ్చుకోవాలి.

ఎదురుగా కూర్చుని వినాలంటే?

మన దేశంలో అందుకు ముంబయికి పోవాలి. 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అక్కడి ఎన్‌సీపీఏ అనే కళా కేంద్రంలో కచేరీలు చేస్తుంది. బీథోవెన్ ఉన్న రోజు చూసుకుని టికెట్టు కొనండి. టింపనీ కనిపించేలా కూర్చోండి, ముందు వరుసల కోసం డబ్బు తగలేయకండి. ముందు వరుసల్లో వయొలిన్లు తప్ప ఏమీ వినిపించవు. ఆ వంతెన దగ్గర టింపనీ వాయించేవారి చేతులు చూడండి. పుల్లలు తోలు మీద బెత్తెడు ఎత్తు కూడా లేవవు.